పాత పుస్తకాల షాపులో పాతది ఏది? లాగ్లాన్ నుంచి నాంపల్లి దాకా ఒక వ్యాకరణం కథ

ఈ ఎపిసోడ్ మూడు మాటలతో మొదలుపెడదాం. పాత పుస్తకాల షాపు.

ఆదివారం పూట అబిడ్స్ వెళ్లేవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు చాలా షాపులకి షట్టర్లు దించేసి ఉంటాయి, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. గేట్ గైడ్లు, ఎంసెట్ బిట్ బ్యాంకులు, యద్దనపూడి నవలలు, వాటి కింద ఎక్కడో ఒక కంపైలర్ డిజైన్ పుస్తకం.

సరే, "పాత పుస్తకాల షాపు" అన్నప్పుడు పాతది ఏది? పుస్తకాలా, షాపా? పుస్తకాలే అని మీరు టక్కున చెప్పేస్తారు. మరి "కొత్త అమ్మాయిల హాస్టల్" అని బోర్డు ఉంటే? కొత్తగా వచ్చిన అమ్మాయిల కోసమే పెట్టిన హాస్టల్ అని ఎవరూ అనుకోరు. హాస్టలే కొత్తది. రెండింటి నిర్మాణం చూడండి, ఒక్కటే. ముందు విశేషణం, తర్వాత "ల" చేరిన నామవాచకం, చివర ఇంకో నామవాచకం. ఒక దాంట్లో విశేషణం పక్కనున్న మాటకి అతుక్కుంది, ఇంకో దాంట్లో దాన్ని దాటేసి చివరి మాటకి అతుక్కుంది. ఎందుకలా అంటే మనకి పాత పుస్తకాలు తెలుసు, హాస్టళ్లు తెలుసు. వ్యాకరణం వల్ల తెలిసింది కాదు ఇది.

కంప్యూటర్‌కి అవేమీ తెలియవు. దానికి తెలిసేది మీరు రాసిచ్చిన రూలు ఒక్కటే. బీటెక్ సీఎస్ఈ చదివినవాళ్లకి కంపైలర్ ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. లెక్స్, యాక్ అని రెండు టూల్స్. మీరు ఒక వ్యాకరణం రాసి యాక్‌కి ఇస్తే అది దాన్ని నమిలి ఒక పార్సర్ ప్రోగ్రామ్ బయటకి ఇస్తుంది. పార్సర్ అంటే వాక్యాన్ని విడగొట్టి ఏ మాట ఏ మాటకి అతుక్కుందో చెట్టులా గీసి చూపించేది. మీ వ్యాకరణంలో ఒకే వరసని రెండు రకాలుగా అతికించే వీలుంటే యాక్ ఒప్పుకోదు. "షిఫ్ట్ రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్" అని ఒక లైన్ కొడుతుంది. ఆ లైన్ చూసి సగం క్లాసు పక్క బెంచీ వాడి రికార్డు కాపీ కొట్టేది, అది వేరే విషయం.

ఇప్పుడు ఆలోచించండి. మనుషులు మాట్లాడుకునే భాషని తెచ్చి యాక్‌లో వేసి, ఒక్క కాన్‌ఫ్లిక్ట్ కూడా రాకుండా చేయొచ్చా? ఒకాయన ఆ పనికి దిగాడు. ఉన్న భాషలతో అది కుదరదని కొత్త భాషే కట్టాడు.

ఆయన పేరు జేమ్స్ కుక్ బ్రౌన్. అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీలో సోషియాలజీ చెప్పేవాడు. "కెరీర్స్" అనే బోర్డు గేమ్ కనిపెట్టింది ఈయనే, ఆ గేమ్ మీద వచ్చిన రాయల్టీ డబ్బులు ఈ భాష పనికి ఖర్చయ్యాయి. 1955లో మొదలుపెట్టాడు. అప్పట్లో సపీర్, వోర్ఫ్ అనే ఇద్దరి పేరు మీద ఒక వాదన నడుస్తుండేది, మనం మాట్లాడే భాషే మన ఆలోచనకి గట్లు కడుతుందని. బ్రౌన్ దాన్ని పరీక్షిద్దాం అనుకున్నాడు. పూర్తిగా తర్కం మీద నడిచే భాష ఒకటి తయారు చేసి, మనుషులకి నేర్పి, వాళ్ల ఆలోచన మారుతుందేమో చూద్దామని. ఆ భాష పేరు లాగ్లాన్. 1960 జూన్‌లో "సైంటిఫిక్ అమెరికన్" పత్రికలో దాని మీద ఆయన వ్యాసం వచ్చింది. 1966లో వచ్చిన రాబర్ట్ హైన్‌లైన్ నవల "ద మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్"లో కూడా లాగ్లాన్ ప్రస్తావన ఉంటుంది, అంత పేరు వచ్చింది దానికి.

మాటలు తయారు చేసిన పద్ధతి కూడా ఇంజనీర్లకి నచ్చేదే. పెద్ద భాషలు ఎనిమిది తీసుకున్నాడు, ఒక్కో అర్థానికి ఆ భాషల్లో ఉన్న మాటల శబ్దాలు కలిపి, ఎంతమంది మాట్లాడతారో దాన్ని బట్టి వెయిటేజీ ఇచ్చి, కొత్త మాట పుట్టించాడు. హిందీ ఆ ఎనిమిదిలో ఉంది. తెలుగు లేదు. పర్లేదు లెండి.

మొదటి ఇరవై ఏళ్లు లాగ్లాన్ వ్యాకరణం కాగితం మీదే ఉంది. రెండర్థాలు రావు అని బ్రౌన్ అనడమే తప్ప రుజువు లేదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ యాక్ రాశాడు, లాగ్లాన్ వాళ్లకి ఆయుధం దొరికినట్టయింది. బ్రౌన్, ఆయనతో పాటు పనిచేసిన వాలంటీర్లు కలిసి భాష మొత్తాన్ని యాక్ మింగగలిగే రూపంలో రాయడానికి కూర్చున్నారు. 1980ల మొదట్లో కాన్‌ఫ్లిక్టులు లేని వ్యాకరణం చేతికొచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఈ పాయింట్ ముఖ్యం. ల్యాబ్‌లో మనకి కాన్‌ఫ్లిక్ట్ వస్తే మనం రాసిన రూలు మారుస్తాం. వాళ్లకి కాన్‌ఫ్లిక్ట్ వస్తే భాషే మార్చారు. అప్పటికే ఆ భాష నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. నిన్నటిదాకా సరైన వాక్యం ఇవాళ తప్పు, ఎందుకంటే యాక్ ఒప్పుకోలేదు. ఒక టూల్ మనుషుల నోట్లో మాట మార్చింది. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

తర్వాత జరిగింది మన సినిమా పార్టీల్లాంటి గొడవ. లాగ్లాన్ మాటల మీద కాపీరైట్ నాది అన్నాడు బ్రౌన్. భాషకి ఓనర్ ఏంటని కొంతమంది బయటకి వచ్చేశారు. బాబ్ లెషెవాలియే, నోరా టాన్‌స్కీ వాళ్లలో ముఖ్యులు. 1987లో లాజికల్ లాంగ్వేజ్ గ్రూప్ అని పెట్టి, వ్యాకరణం ఆలోచనలు ఉంచుకుని మాటలన్నీ మళ్లీ కొత్తగా తయారు చేశారు. 1,300 పైచిలుకు మూలపదాలు. ఆ భాష పేరు లోజ్బాన్. "లాగ్లాన్" అనే పేరు వాడొచ్చా లేదా అని కోర్టుకి కూడా వెళ్లారు. 1992లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు, అది ఒక భాష పేరు, ట్రేడ్‌మార్కుగా పట్టుకుని కూర్చోవడం కుదరదని తేల్చింది.

లోజ్బాన్‌లో మన అబిడ్స్ షాపు ఎలా ఉంటుందో చూద్దాం. "స్లాబు షుక్త జర్షి". పాత, పుస్తకం, షాపు, అదే వరస. రూలు ఏంటంటే ఎప్పుడూ ఎడమ నుంచి కలుపుకుంటూ రావాలి. స్లాబు, షుక్త ముందు కలిశాయి. కాబట్టి పాతవి పుస్తకాలే, ఇంకో మాట లేదు. షాపు పాతది అని చెప్పాలంటే మధ్యలో "బో" పెట్టాలి: "స్లాబు షుక్త బో జర్షి". ఈ బో అటూ ఇటూ ఉన్న రెండు మాటలని ముందు అతికించేస్తుంది. బ్రాకెట్‌ని నోటితో పలకడం అన్నమాట.

బ్రాకెట్ తెరిస్తే మూయాలి కదా. లోజ్బాన్‌లో మూసే మాటలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి అచ్చం మన విభక్తిలాగే "కు". ప్రతిసారీ ఇవన్నీ పలుకుతుంటే నోరు పడిపోతుంది. అందుకని అర్థం చెడనప్పుడు వదిలేయొచ్చు అన్నారు. మనిషికి సుఖమే గానీ యాక్ ఒక్క మాట మాత్రమే ముందుకి చూడగలదు, ఎక్కడ వదిలేశారో దానికి తెలియదు. దీనికి వాళ్లు వేసిన ఎత్తు నాకు భలే నచ్చింది. యాక్‌లో ఎర్రర్ వస్తే కోలుకోవడానికి ఒక ఏర్పాటు ఉంటుంది. దాన్నే వాడుకున్నారు. పార్సర్ తడబడిందా, అక్కడ మూసే మాట వదిలేశారు అని అర్థం, అది పెట్టేసుకుని ముందుకి పో. సింటాక్స్ ఎర్రర్‌నే వ్యాకరణంలో భాగం చేసేశారు. 1997లో జాన్ కొవాన్ రాసిన లోజ్బాన్ సమగ్ర గ్రంథంలో యాక్ వ్యాకరణం మొత్తం అచ్చయి ఉంటుంది.

అయితే ఒకటి గమనించండి. ఏ మాట ఏ మాటకి అతుక్కుందో లోజ్బాన్ ఖచ్చితంగా చెప్తుంది. అతుక్కుని ఏమైందో చెప్పదు. "షుక్త జర్షి" అంటే పుస్తకాలు అమ్మే షాపు కావచ్చు, పుస్తకాలతో కట్టిన షాపు కూడా కావచ్చు. చెట్టు ఒక్కటే, దాని కాయలు ఎన్నయినా. ఆ మాట వాళ్లే నిజాయితీగా ఒప్పుకుంటారు.

ఇంకో ఉదాహరణ. లోజ్బాన్‌లో "క్లమ" అంటే వెళ్లడం. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే అది ఐదు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్. వెళ్లేవాడు, ఎక్కడికి, ఎక్కడినుంచి, ఏ దారిలో, ఏ వాహనంలో. వరస ముఖ్యం. ఇప్పుడు ఈ తెలుగు వాక్యం వినండి: నేను నాంపల్లి నుంచి మియాపూర్‌కి లక్డీకాపూల్ మీదుగా మెట్రోలో వెళ్లాను. ఐదూ వచ్చేశాయి. నేను, నుంచి, కి, మీదుగా, లో. ఇక్కడ వరస ఎలా తిప్పినా పర్లేదు. "మెట్రోలో మియాపూర్‌కి నేను లక్డీకాపూల్ మీదుగా నాంపల్లి నుంచి వెళ్లాను" అన్నా అర్థం చెక్కుచెదరదు, ఎందుకంటే ప్రతి మాట తన ఐడీ కార్డు తోకకి కట్టుకుని తిరుగుతోంది. లాజికల్ భాష కట్టడానికి బ్రౌన్ పడ్డ కష్టంలో కొంత మన విభక్తులు ఎప్పుడో పడేశాయి.

ఇక్కడికి రాగానే కొంతమందికి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ గుర్తొస్తుంది. "కంప్యూటర్‌కి సంస్కృతమే బెస్ట్ అని నాసా చెప్పింది." అసలు సంగతి ఇది. నాసా ఏమ్స్ సెంటర్‌లో పనిచేసిన రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు 1985లో "ఏఐ మ్యాగజైన్"లో ఒక వ్యాసం రాశాడు. మన వ్యాకరణ శాస్త్రజ్ఞులు వాక్యార్థాన్ని విడమరిచి చెప్పే పద్ధతికీ, ఏఐ వాళ్లు గీసే సెమాంటిక్ నెట్‌లకీ పోలిక ఉందన్నాడు. అంతే. నాసా సంస్కృతంలో ప్రోగ్రాములు రాస్తోందని ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. నాకు కోపం ఎందుకంటే ఈ పుకారు వల్ల నిజం మరుగున పడిపోతోంది. నిజం ఇంకా గొప్పది. దాదాపు 4,000 సూత్రాల పాణిని అష్టాధ్యాయిలో రూలుకి రూలు ఎలా అడ్డొస్తుందో, ఎవరిది పైచేయో చెప్పే రూళ్లు కూడా ఉన్నాయి. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం రాసే బ్యాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా కలపాలని 1967లోనే ఇంగర్‌మన్ అనే ఆయన ఒక కంప్యూటర్ పత్రికకి ఉత్తరం రాశాడు. వీటికి ఫార్వర్డ్ చేసేవాళ్లు లేరు.

ఇప్పుడు నాంపల్లి వద్దాం.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో, అబిడ్స్ వైపు, గోల్డెన్ థ్రెషోల్డ్ అని ఒక పాత ఇల్లు ఉంది. సరోజినీ నాయుడు ఇల్లు. ఆమె 1905లో లండన్‌లో వేసిన మొదటి కవితల పుస్తకం పేరే ఇంటికి వచ్చింది. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్. ఈ ఇంటికీ మన పార్సర్ కథకీ లింక్ రాజకీయం నుంచి వచ్చింది. 1972-73 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కేంద్రం ఆరు సూత్రాల పథకం తెచ్చింది కదా, అందులో ఒకటి హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ. దానికోసం రాజ్యాంగంలో 371ఇ అనే అధికరణమే చేర్చారు. 1974లో పార్లమెంట్ చట్టంతో పుట్టిన ఆ యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ మొదటి చిరునామా ఈ ఇల్లే. తర్వాత గచ్చిబౌలికి వెళ్లింది. ఇప్పుడు మనం హెచ్‌సీయూ అంటున్నది అదే.

1986 నుంచి 1993 దాకా ఆ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ భద్రిరాజు కృష్ణమూర్తి. అంతకుముందు ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖని నిలబెట్టిన మనిషి. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది. 1985లో, తెలుగు నేర్చిన పాత ఐసీఎస్ అధికారి గ్విన్‌తో కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం వచ్చింది. మనం నిజంగా మాట్లాడే, పత్రికల్లో రాసే తెలుగుకి అంత క్రమంగా రాసిన వ్యాకరణం అది. అదే సంవత్సరం డిసెంబర్‌లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దగ్గర తెలుగు విశ్వవిద్యాలయం పెట్టారు, ఈ మధ్యే దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు.

అప్పటికి మన చేతిలో ఉన్న వ్యాకరణం ఏంటి? బాలవ్యాకరణం. 1858 నాటి చిన్నయసూరి పుస్తకం. స్కూల్లో సంధులు బట్టీ పట్టింది దాన్నుంచే. ఉత్వ సంధి నిత్యం, ఇత్వ సంధి వైకల్పికం, అత్వ సంధి బహుళం. ప్రోగ్రామర్‌గా చూస్తే మొదటిది పండగ, ఎప్పుడూ జరుగుతుంది. రెండోది జరగొచ్చు జరగకపోవచ్చు. మూడోది? బహుళం అంటే ఒకచోట తప్పకుండా జరుగుతుంది, ఒకచోట అసలు జరగదు, ఒకచోట మన ఇష్టం, ఇంకోచోట ఇంకేదో జరుగుతుంది. దీన్ని యాక్‌లో రాసి చూపించండి, మీకు దండం పెడతా. కానీ సూరి తప్పేం లేదు. భాష అలాగే ఉంది, ఆయన ఉన్నది ఉన్నట్టు రాశాడు.

తెలుగుని యంత్రానికి నేర్పే పని మన దగ్గర గట్టిగా సాగింది 1990ల్లో. ఐఐటీ కాన్పూర్‌లో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ఒక బృందంగా పనిచేసేవాళ్లు. వాళ్ల పేపర్ల మీద రచయితగా "అక్షర భారతి" అని ఉంటుంది. అది మనిషి పేరు కాదు, బృందం పేరు. 1995లో పాణిని దృష్టితో భాషల్ని కంప్యూటర్‌లో ఎలా చూడాలో చెప్పే పుస్తకం వాళ్లది వచ్చింది. వాళ్ల ప్రాజెక్టు పేరు అనుసారక. ఒక భారతీయ భాషలో ఉన్నదాన్ని ఇంకో భాష వాళ్లు చదువుకునేలా చేయడం దాని పని. ఆ పని తర్వాత హెచ్‌సీయూలోని అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రానికి తరలింది. అక్కడ తెలుగు పదాల్ని విడగొట్టే ప్రోగ్రామ్ మీద ఏళ్ల తరబడి కూర్చున్నది గారపాటి ఉమామహేశ్వరరావు గారు. సంగల్ గారు ఐఐఐటీ హైదరాబాద్‌కి వచ్చి, తర్వాత డైరెక్టర్ అయ్యారు.

పదం విడగొట్టడం ఎందుకంత పని అంటారా? "చెప్పించుకోలేకపోయాడు" అనేది మనకి ఒక్క మాట. ఇంగ్లీషులో ఒక వాక్యం. చెప్పు, ఇంచు, కొను, లేక, పోవు, ఆ చివర "డు" చూస్తే మగవాడని కూడా తెలిసిపోతుంది. ఇలాంటి రూపాలన్నీ నిఘంటువులో పెట్టలేం. కాబట్టి నమూనాలు రాసుకున్నారు. "పుస్తకం"లో చివర సున్న తీసెయ్, "ఆలు" పెట్టు, పుస్తకాలు. ఇదే నమూనాలో నగరం, దేశం, పాఠం, ఇంకా వేలు. "ఇల్లు"కి ఈ నమూనా పనికిరాదు, దానికి వేరే, ఇళ్లు, ఇంటి. ఒక్కో మాటని ఏ నమూనా గదిలో వెయ్యాలో మనిషి చూసి చెప్పాలి. ఇది క్లర్కు పని లాంటి మహా పని.

అప్పటికి యూనికోడ్ మన చేతుల్లోకి రాలేదు. కాబట్టి తెలుగుని రోమన్ అక్షరాల్లో టైపు చేసేవాళ్లు, ఒక్కో శబ్దానికి ఒక్కో కీ. టీ అక్షరం "ట"కి పోయింది, డీ అక్షరం "డ"కి పోయింది. మరి "త", "ద" ఎలా? ఖాళీగా ఉన్న డబ్ల్యూ తీసి "త"కి, ఎక్స్ తీసి "ద"కి ఇచ్చారు. ఈ పద్ధతి పేరే డబ్ల్యూఎక్స్. అందులో "తెలుగు" డబ్ల్యూతో మొదలవుతుంది, "హైదరాబాద్" ఎక్స్‌తో ముగుస్తుంది. నాకు మొదటిసారి చూసినప్పుడు ఏదో వైరస్ ఫైల్ తెరిచాననిపించింది. ఇప్పటికీ ఇక్కడి పరిశోధనల డేటా ఫైళ్లలో ఆ రాత కనిపిస్తుంది.

పదాలు విడిపోయాక అసలు చిక్కు మొదలవుతుంది. "వాడిన పూలు". ఎండిపోయినవా, వాడేసినవా? రెండూ వాడు అనే ధాతువే, రూపం ఒక్కటే. ఇది చిన్న చిక్కు. పెద్దది వినండి. నరికిన మనిషి. నరికిన చెట్టు. నరికిన గొడ్డలి. "నరికిన" మారలేదు. కానీ మొదటిదాంట్లో నరికింది మనిషి, రెండోదాంట్లో నరకబడింది చెట్టు, మూడోదాంట్లో నరకడానికి వాడింది గొడ్డలి. కర్త, కర్మ, కరణం, మూడు కారకాలు ఒకే తోక వెనక దాక్కున్నాయి. ఇందాక మన విభక్తుల ఐడీ కార్డుల గురించి గొప్పగా చెప్పాను కదా, ఇక్కడ తెలుగు ఆ కార్డు తీసి జేబులో పెట్టేసుకుంటుంది. మనిషి, చెట్టు, గొడ్డలి అంటే ఏంటో తెలిసినవాడే అర్థం చేసుకోగలడు.

హిందీలో రాయాలంటే ఇలా దాచడం కుదరదు. "జో" అనాలా, "జిస్‌నే" అనాలా, "జిస్‌సే" అనాలా, ఏదో ఒకటి తేల్చుకోవాలి. మామూలు అనువాద ప్రోగ్రామ్ అయితే ఏదో ఒకటి ఊహించి రాసేస్తుంది. తప్పయినా చదివేవాడికి తెలియదు. అనుసారక వాళ్లు ఏం చేశారంటే, "జో" పక్కన ఒక చుక్క గుర్తు పెట్టారు. స్టార్ గుర్తు. దాని అర్థం: ఇక్కడ ఏ కారకమో మూలంలో చెప్పలేదు, సందర్భం చూసి నువ్వే తెలుసుకో. అలాంటి జో హిందీలో లేదు, వీళ్లు పుట్టించారు. అనుసారక ఇచ్చేది మామూలు హిందీ కాదు, తెలుగు లేదా కన్నడ ఆకారాన్ని మోసే ఒక కొత్త రకం హిందీ. కొంచెం అలవాటు పడితే చదవొచ్చు. భాష గురించిన తెలివి యంత్రానిది, లోకం గురించిన తెలివి మనిషిది అని పని పంచేశారు.

అమెరికాలో బ్రౌన్ రెండర్థాలే లేని భాష కట్టాడు. ఇక్కడ వీళ్లు రెండర్థాలు ఉన్నచోట ఉన్నాయని ఒప్పుకునే భాష కట్టారు. నన్నడిగితే రెండోదే ధైర్యం. పైగా అనుసారకని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అందరికీ వదిలారు, ఓనర్ ఎవరని కోర్టుకి వెళ్లే పని పడలేదు.

తర్వాత ఈ దారిలోనే "సంపర్క్" అని అనేక సంస్థలు కలిసి చేసిన అనువాద వ్యవస్థ వచ్చింది, అందులో తెలుగు-హిందీ, తెలుగు-తమిళం జంటలు ఉన్నాయి. కారక సంబంధాలతో గుర్తులు వేసిన వాక్యాల చెట్లు తయారు చేశారు. 2009లో హైదరాబాద్‌లోనే జరిగిన ఐకాన్ సదస్సులో హిందీ, బంగ్లా, తెలుగు వాక్యాలని పార్స్ చేసే పోటీ పెట్టారు. కారకం పేరు సరిగ్గా చెప్పడంలో మూడింట్లో తెలుగే వెనకపడింది. శిక్షణకి ఉన్న తెలుగు వాక్యాలు రెండు వేల లోపు, ఒక్కో మాటకి ఉన్న రూపాలు లెక్కలేనన్ని, ఇంకెలా వస్తుంది మార్కు?

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి. టూల్ మనుషుల నోట్లో మాట మార్చడం.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక క్లయింట్ తెలుగు చాట్‌బాట్ లాగ్స్ చదివే పని నాకు పడింది. పేరు వద్దు. ఒక కస్టమర్ రాశాడు: "బిల్లు కట్టిన. మళ్ల మెసేజ్ ఎందుకొస్తుంది?" నాంపల్లిలో ఏ చాయ్ హోటల్లో నిలబడ్డా వినిపించే తెలుగు. కట్టిన అంటే నేను కట్టాను. కానీ ఆ బాట్ వెనక ఉన్న వ్యాకరణం కోస్తాలో చదువుకున్నవాళ్ల మాటకి దగ్గరగా ఉన్న ప్రామాణిక తెలుగుది. దాని లెక్కలో "కట్టిన" అంటే విశేషణం, తర్వాత ఒక నామవాచకం రావాలి. కట్టిన బిల్లు, కట్టిన ఇల్లు, అలా. నామవాచకం రాలేదు. బిల్లు, కట్టు అనే రెండు ముక్కలు దొరికాయి, బిల్లు కట్టాలనుకుంటున్నాడని లింక్ పంపింది. ఆయన మళ్లీ రాశాడు, "అరే, కట్టిన అంటున్న." మళ్లీ లింక్. మూడోసారి ఆయన ఇలా రాశాడు: "నేను బిల్లు కట్టాను." బాట్‌కి అర్థమైంది.

ఆ మూడు లైన్లు నేను చాలాసార్లు చదివాను. లాగ్లాన్ నేర్చుకున్నవాళ్లు ఇష్టపడి ఆటకి వచ్చినవాళ్లు, యాక్ కోసం వాక్యం మార్చుకున్నారంటే అది వాళ్ల సరదా. ఈయన తన ఊళ్లో, తన భాషలో, తన డబ్బు గురించి మాట్లాడుతున్నాడు. "పోతున్న", "తిన్న", "చెప్పిన" అనేవి తెలంగాణలో కోట్లమందికి పూర్తయిన క్రియలు. యంత్రానికి అవి సగంలో ఆగిన వాక్యాలు. ఏ తెలుగుకి వ్యాకరణం ముందు రాస్తే ఆ తెలుగు ఒప్పు, మిగతాది సింటాక్స్ ఎర్రర్. కృష్ణమూర్తి గారు మాండలికాలు తెలియని మనిషి కాదు, వృత్తి పదకోశాల కోసం ఊళ్లు తిరిగించి మాటలు ఏరించిన మనిషి. ఆ పుస్తకాల మీద కూర్చుని ప్రోగ్రామ్ రాసే మనకే "కట్టిన"కి రెండో దారి పెట్టాలని తోచదు. పెట్టడం కష్టమా అంటే కాదు. "ఇన" తోకకి ఇంకో విశ్లేషణ చేర్చాలి: ఉత్తమ పురుష, ఏకవచనం, భూతకాలం. ఒక లైను. ఆ లైను చేరిన క్షణం ప్రతి "కట్టిన" దగ్గరా రెండర్థాలు మొదలవుతాయి, అందుకే చేర్చరు. కాన్‌ఫ్లిక్టుల సంఖ్య సున్నా దగ్గర ఆగాలి కదా.

ఇప్పుడు పెద్ద మోడల్స్ వచ్చాయి, రూళ్లు ఎవరూ రాయట్లేదు, డేటా చాలు అంటున్నారు. నిజమే, అవి "కట్టిన"ని చాలాసార్లు సరిగ్గానే పట్టుకుంటున్నాయి. హెచ్‌సీయూలో సంస్కృత అధ్యయన శాఖలో అంబా కులకర్ణి గారి "సంసాధని" లాంటి రూళ్ల మీద నడిచే పార్సర్లు కూడా పక్కనే పనిచేస్తున్నాయి, ఒక వాక్యానికి రెండు చెట్లు వస్తే రెండూ చూపిస్తాయి. ఫోన్‌లో ఉన్న అనువాద యాప్‌లకి "నరికిన" ఇచ్చి చూశాను, వరసగా మూడు. అన్నీ ఒక్కొక్క జవాబే ఇచ్చాయి, చాలా నమ్మకంగా. "జో" పక్కన పెట్టిన ఆ చుక్క లాంటిది ఏ యాప్‌లోనూ నాకు కనిపించలేదు.

వచ్చే ఎపిసోడ్ చిన్నయసూరి మీద. ఉంటాను.